విమానంలో గొడవ చేసేవాళ్ల మీద కెప్టెన్‌కు ఉన్న అధికారం ఎంత, ఎక్కడి వరకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఢిల్లీ నుంచి శంషాబాద్ వస్తున్న విమానంలో తాగి ఉన్న ఒకాయన పక్కసీటు ఆవిడతో అసభ్యంగా మాట్లాడాడు. ఆపబోయిన ఎయిర్ హోస్టెస్‌ను నెట్టాడు. సిబ్బంది అతని చేతులు ప్లాస్టిక్ పట్టీతో కట్టి వెనక సీట్లో కూర్చోబెట్టారు. దిగాక విమానాశ్రయ భద్రత చూసే కేంద్ర బలగం సీఐఎస్‌ఎఫ్ వాళ్లు తీసుకెళ్లారు. పైలట్‌కు ఈ పోలీసు అధికారం ఎవరిచ్చారు, రేపు మనం కాస్త గట్టిగా మాట్లాడితే మనల్నీ కట్టేస్తారా, మీరే లేచి సాయం పట్టి ఉంటే మీమీద కేసు పడేదా అన్నవి మీ సందేహాలు.

మొదటి మాట: కెప్టెన్‌కు ఉన్నది పోలీసు అధికారం కాదు. ఆయన విచారణ చేయలేడు, శిక్ష వేయలేడు, జరిమానా కట్టించలేడు. ఆయనకున్నది భద్రత కోసం ఇచ్చిన అధికారం. విమానాన్ని, అందులోని మనుషులను క్షేమంగా నేలకు దించడానికి ఎంత అవసరమో అంతే. దానికి మొదలూ చివరా ఉన్నాయి, ఆ రెండూ తలుపు దగ్గరే. మనుషులు ఎక్కాక బయటి తలుపులన్నీ మూసిన క్షణం నుంచి, దిగడానికి ఏదో ఒక తలుపు తెరిచే వరకు విమానం 'ఎగురుతున్నట్టే' లెక్క. చక్రాలు ఇంకా బే (విమానం నిలిపే చోటు) దాటకపోయినా సరే. ఇది విమానాల్లో జరిగే నేరాల మీద దేశాలు కుదుర్చుకున్న 1963 టోక్యో ఒప్పందంలోని నిర్వచనం. మన దేశం దాన్ని టోక్యో కన్వెన్షన్ చట్టం, 1975 ద్వారా అమల్లోకి తెచ్చుకుంది.

ఆ ఒప్పందం ఆరో అధికరణం కెప్టెన్‌కు చెప్పేది ఇది. ఎవరైనా నేరం చేశాడనో, చేయబోతున్నాడనో, లేదా విమాన భద్రతకు, క్రమశిక్షణకు భంగం కలిగించే పని చేస్తున్నాడనో నమ్మడానికి సహేతుకమైన కారణాలు ఉంటే, అవసరమైన సహేతుక చర్యలు తీసుకోవచ్చు. కట్టివేయడం కూడా అందులో ఉంది. మిగతా సిబ్బందిని సాయం చేయమని ఆదేశించవచ్చు. ప్రయాణికులను మాత్రం అడగవచ్చు, అనుమతించవచ్చు, అంతే. బలవంతపెట్టడానికి లేదు. మీ మూడో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం అదే అధికరణంలో తర్వాతి వాక్యం: ప్రమాదం అప్పటికప్పుడు ముంచుకొస్తున్నప్పుడు, విమానాన్నో మనుషులనో కాపాడటానికి ఏ ప్రయాణికుడైనా కెప్టెన్ అనుమతి కోసం ఆగకుండా నివారణ చర్య తీసుకోవచ్చు. ఇలా ఒప్పందానికి లోబడి చేసిన పనికి కెప్టెన్, సిబ్బంది, సాయం చేసిన ప్రయాణికుడు, విమాన సంస్థ ఎవరూ తర్వాత దావాల్లో బాధ్యులు కారని పదో అధికరణం అంటుంది.

చాలామంది పొరపడేది దీని తర్వాతే. టోక్యో ఒప్పందంలో కెప్టెన్ అధికారాల అధ్యాయం దేశం లోపల ఎగిరే విమానాలకు మామూలుగా వర్తించదు. బయల్దేరిన చోటో, దిగవలసిన చోటో మరో దేశంలో ఉండాలి, లేదా ఆ మనిషి ఇంకా లోపల ఉండగానే విమానం తర్వాత మరో దేశం గగనతలంలోకి వెళ్లాలి. కాబట్టి హైదరాబాద్-దుబాయ్ అయితే టోక్యో. మీ ఢిల్లీ-హైదరాబాద్‌కు ఆధారం వేరు: ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్, 1937. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం, 2024 వచ్చి 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పాత చట్టం పోయినా దాని కింద చేసిన నియమాలు కొనసాగుతున్నాయి. వాటిలో 141వ నియమం ప్రకారం ప్రయాణికుల భద్రతకు, విమానంలో క్రమశిక్షణకు కెప్టెన్‌దే బాధ్యత, విమానం విషయంలో తుది నిర్ణయమూ ఆయనదే. 22వ నియమం సిబ్బందిని కొట్టడం, బెదిరించడం, మాటలతో బెదిరించినా సరే, నిషేధిస్తుంది. కెప్టెన్ ఇచ్చిన, లేదా ఆయన తరఫున క్యాబిన్ క్రూ ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరించడమూ అందులోకే వస్తుంది. 23వది తోటి ప్రయాణికుల మీద దాడి, ఆస్తి ధ్వంసం, తాగి క్రమశిక్షణ పాడుచేయడం గురించి. పొగతాగడానికి 25వ నియమం. 'సీటుబెల్టు పెట్టుకోండి' అని ఎయిర్ హోస్టెస్ అన్నప్పుడు ఆమె వెనక కెప్టెన్ ఉన్నాడు, కెప్టెన్ వెనక ఈ నియమాలు ఉన్నాయి. 'నువ్వెవరు నాకు చెప్పడానికి' అన్న మాటతోనే చాలా కేసులు మొదలవుతాయి.

'సహేతుకమైన కారణాలు' అంటే ఏమిటన్నదే దీనికంతటికీ ఇరుసు. ఆ క్షణంలో అందిన సమాచారంతో, అదే స్థితిలో ఉన్న మరో వివేకవంతుడైన కెప్టెన్ కూడా అలాగే అనుకునేవాడా అన్నది కొలత. ఇందులో ఒక అమెరికా కేసు బాగా పనికొస్తుంది. 2003లో వాంకోవర్ నుంచి లాస్ వేగస్ వెళ్తున్న విమానంలో ఈజిప్టు వ్యాపారవేత్తల బృందం ఒకటి ఉంది. క్యాబిన్ అదుపు తప్పిందని సిబ్బంది చెప్పగానే కెప్టెన్ మరేమీ తేల్చుకోకుండా రీనోలో దించేశాడు. పోలీసులు వాళ్లను పట్టుకోవలసిన కారణం కనిపించక వదిలేశారు. వాళ్లు దావా వేశారు. 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది ఏమిటంటే, టోక్యో ఒప్పందం కెప్టెన్‌కు ఇచ్చే రక్షణ గుడ్డి రక్షణ కాదు, ఆయన చర్య సహేతుకమా కాదా అని జ్యూరీ పరిశీలించవచ్చు. అంటే గట్టిగా మాట్లాడినంత మాత్రాన కట్టేయడం చెల్లదు. భోజనం బాగాలేదని నిలదీసినా, ఆలస్యానికి కారణం అడిగినా మీరు గొడవకారు కారు. బెల్టు గుర్తు వెలుగుతుండగా నడవాలో నిలబడి, కూర్చోమంటే కూర్చోకుండా అదే ప్రశ్న అడిగితే మాత్రం అది 22వ నియమంలోకి వస్తుంది.

ఇక పైన జరిగే పని. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కాక్‌పిట్ తలుపులు బలపరిచి తాళం వేయడం ప్రపంచమంతటా తప్పనిసరైంది. గొడవ జరుగుతుంటే కెప్టెన్ బయటికి వచ్చి చూడడు, రాకూడదు కూడా. ఆయన కళ్లూ చెవులూ లీడ్ క్యాబిన్ అటెండెంటే. ఇంటర్‌ఫోన్‌లో ఆమె చెప్పే నాలుగు వాక్యాల మీద ఆయన నిర్ణయం నిలబడుతుంది. సీటు నంబరు, ఏం చేశాడు, తాగి ఉన్నాడా, ఒక్కడా గుంపా, ఎవరికైనా దెబ్బ తగిలిందా, సిబ్బంది అదుపు చేయగలరా. 'ఒకాయన ఇబ్బంది పెడుతున్నాడండి' అంటే అందులో కెప్టెన్ తూచడానికి ఏమీ లేదు. ప్రయాణికులు మనం చేయగల మేలు కూడా అదే: చూసింది చూసినట్టు, కలపకుండా చెప్పడం.

మెట్లు ఒక వరసలో ఉంటాయి. మొదట మర్యాదగా చెప్పడం, సీటు మార్చడం, మద్యం ఆపడం. తర్వాత కెప్టెన్ పేరు మీద హెచ్చరిక. ఆ తర్వాత చాలా సంస్థల్లో రాతపూర్వక హెచ్చరిక పత్రం చేతికిస్తారు. మాటతో నచ్చజెప్పే దారులన్నీ మూసుకుపోయాకే కట్టివేయాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తితే తర్వాత నిషేధం తేల్చే కమిటీ ముందు నిలబడదు. మొదటి దెబ్బే పిడికిలి అయితే మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కే తీరిక ఉండదు, ఎక్కనక్కర్లేదు కూడా.

కట్టడంలో జరిగే తప్పులు ప్రాణం మీదికి తెస్తాయి, అందుకే దీని మీద కాస్త నిలబడతాను. బోర్లా పడేసి వీపు మీద కూర్చోవడం అన్నిటికంటే ప్రమాదకరం. తాగి, పెనుగులాడి, ఆయాసపడుతున్న మనిషికి ఛాతీ కదలకపోతే నిమిషాల్లో ఊపిరి ఆగిపోవచ్చు. పైగా 'పెనుగులాట తగ్గింది, శాంతించాడు' అని చూసేవాళ్లు పొరబడతారు. కూర్చోబెట్టే కట్టాలి, సీటుబెల్టు పెట్టాలి. పట్టీ బిగించాక మణికట్టుకీ పట్టీకీ మధ్య వేలు దూరాలి, వేళ్లు నీలంగా మారుతున్నాయేమో చూస్తుండాలి. మెడ చుట్టూ, నోటి మీద ఏదీ ఉండకూడదు, తాగినవాడు వాంతి చేసుకుంటాడు. ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరసకు దూరంగా, కిటికీ పక్క సీటు మేలు. జేబులో పెన్ను, లైటరు లాంటివి తీసేయాలి. ఒకరు కదలకుండా కనిపెట్టుకుని ఉండాలి, పట్టీ కోసే కత్తెర వాళ్ల దగ్గరే ఉండాలి. దిగేటప్పుడు విమానం ఖాళీ చేయవలసి వస్తే కట్టిన మనిషినీ బయటికి తేవాలి కదా. నీళ్లు అడిగితే ఇవ్వాలి. ఒకసారి కట్టాక, 'ఇక బుద్ధిగా ఉంటాను' అన్నాడని దారి మధ్యలో విప్పడం సాధారణంగా చేయరు.

దారి మళ్లించాలా అన్నది కెప్టెన్ ఒక్కడి నిర్ణయం. సిబ్బంది అదుపు చేయలేరని తేలితే వీలైనంత త్వరగా దగ్గరి విమానాశ్రయంలో దిగాలని డీజీసీఏ నిబంధన చెబుతుంది. ఢిల్లీ-హైదరాబాద్ దారిలో సగం దాటాక నాగ్‌పూర్ ఉంది. శంషాబాద్‌కు 30 నిమిషాల దూరంలో ఉంటే మళ్లడంలో అర్థం లేదు, నేరుగా వచ్చేయడమే వేగం. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు నిండు ఇంధనంతో లేచిన కాసేపటికే గొడవైతే లెక్క వేరు. ఎ320 నియో రకం విమానం గరిష్ఠంగా 79 టన్నుల బరువుతో లేవగలదు, కానీ మామూలుగా దిగడానికి పరిమితి సుమారు 67 టన్నులు. ఆ విమానంలో ఇంధనం గాలిలో వదిలేసే ఏర్పాటు ఉండదు. గాలిలో చుట్టూ తిరిగి ఖర్చు చేయాలి, లేదా అధిక బరువుతో దిగి తర్వాత ప్రత్యేక తనిఖీ చేయించాలి. వాతావరణం, సిబ్బంది డ్యూటీ సమయం, దిగిన చోట పోలీసులు సిద్ధంగా ఉన్నారా, ఇవన్నీ కలుస్తాయి. అందుకే కట్టి కూర్చోబెట్టి గమ్యానికే తీసుకురావడం మీరు ఎక్కువగా చూస్తారు. నేల మీది ట్రాఫిక్ కంట్రోల్‌కు (ఏటీసీ) చెప్పేటప్పుడు తాగుబోతు గొడవకు హైజాక్ కోడ్ 7500 వాడరు. అది నొక్కితే కింద జరిగే హడావిడి పూర్తిగా వేరు. 'ప్రయాణికుడి వల్ల ఇబ్బంది, బే దగ్గర భద్రతా సిబ్బంది కావాలి' అని మామూలు మాటలో చెబితే చాలు.

తలుపు తెరవబోయిన కేసుల గురించి ఒక మాట. ఎత్తులో ఉన్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి వల్ల తలుపు మనిషి బలానికి తెరుచుకోదు, నిజమే. దిగబోతూ నేలకు దగ్గరైనప్పుడు ఆ ఒత్తిడి ఉండదు. 2023 మేలో దక్షిణ కొరియాలోని డేగూ దగ్గర సుమారు 200 మీటర్ల ఎత్తులో ఒక ప్రయాణికుడు నిజంగానే తలుపు తెరిచేశాడు. కాబట్టి 'తెరుచుకోదులే' అని ఏ సిబ్బందీ ఊరుకోరు, ఊరుకోకూడదు.

ఇప్పుడు నేల మీదికి వద్దాం. ఆకాశంలో సరిగ్గా చేసిన పని చాలాసార్లు చెడిపోయేది ఏరోబ్రిడ్జ్ దాటాక, కాగితాల దగ్గర. తలుపు తెరిచాక మనిషిని సీఐఎస్‌ఎఫ్‌కు, వాళ్ల ద్వారా స్థానిక పోలీసులకు అప్పగించాలి. మనకు అది ఆర్‌జీఐఏ పోలీస్ స్టేషన్. ఎఫ్‌ఐఆర్‌కు ఫిర్యాదు ఇవ్వవలసింది విమాన సంస్థ ప్రతినిధి. అసభ్య ప్రవర్తనకు గురైన ఆవిడ కూడా విడిగా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఇవ్వాలి. 'సంఘటన ఏ రాష్ట్రం మీద జరిగిందో తెలియదు, మా పరిధి కాదు' అంటే ఒప్పుకోకండి. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం సాగిన దారిలోని ఏ కోర్టు అయినా విచారించవచ్చు, పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. భారతీయ న్యాయ సంహితలో స్త్రీ గౌరవానికి భంగం కలిగించే బలప్రయోగానికి 74, లైంగిక వేధింపుకు 75, అవమానకర మాటలకు, సైగలకు 79 సెక్షన్లు ఉన్నాయి. విమాన భద్రతకే ముప్పు తెచ్చేంత హింస అయితే 1982 నాటి పౌర విమానయాన భద్రతా చట్టం కింద యావజ్జీవం దాకా వెళుతుంది.

కాగితంలో ఏముండాలి? సీటు నంబర్లు, సమయాలు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఇచ్చిన హెచ్చరికలు ఏ వరసలో ఇచ్చారు, ఎప్పుడు కట్టారు, ఎప్పుడు విప్పారు, చూసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, సంతకాలు. 'దురుసుగా ప్రవర్తించాడు' అని రాస్తే అది అభిప్రాయం. 'కుడి చేత్తో భుజం మీద నెట్టాడు, ఆమె గాలీ (విమానంలోని వంటగది) గోడకు తగిలింది' అని రాస్తే సాక్ష్యం. అందరికీ ఇంటికి పోయే తొందర ఉంటుంది. కన్వేయర్ బెల్టు దగ్గరికి చేరాక ఇక సాక్షి దొరకడు. మీరు చూసి ఉంటే దిగే ముందే సిబ్బందికి పేరు, నంబరు రాసివ్వండి. వీడియో తీయవచ్చా అంటే, ప్రయాణికులు విమానం లోపల ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చని డీజీసీఏ 2020లో స్పష్టం చేసింది. గందరగోళం సృష్టించేలా ఉన్నా, సిబ్బంది వద్దని చెప్పినా ఆపాలి. తీసింది వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి, ఫిర్యాదుదారుకు, పోలీసులకు ఇవ్వండి.

కేసు ఒక దారి, విమానయాన నిషేధం మరో దారి. డీజీసీఏ 2017 సెప్టెంబరులో సవరించిన నిబంధనలో మూడు స్థాయులు ఉన్నాయి. సైగలు, మాటలతో వేధింపు, తాగి అల్లరి మొదటి స్థాయి, 3 నెలల వరకు నిషేధం. నెట్టడం, కొట్టడం, తన్నడం, అసభ్యంగా తాకడం రెండోది, 6 నెలల వరకు. విమాన వ్యవస్థలు పాడుచేయడం, గొంతు నులమడం వంటి ప్రాణాంతక దాడి, కాక్‌పిట్‌లోకి చొరబడే ప్రయత్నం మూడోది, కనీసం 2 ఏళ్లు, పైన హద్దు లేదు. మీరు చెప్పిన మనిషి ఎయిర్ హోస్టెస్‌ను నెట్టాడు కాబట్టి రెండో స్థాయి. ఫిర్యాదు మొదలు కావలసింది కెప్టెన్ నుంచి. తేల్చేది మాత్రం కెప్టెన్ కాదు, సంస్థ యాజమాన్యం కూడా కాదు, విశ్రాంత జిల్లా, సెషన్స్ జడ్జి అధ్యక్షుడిగా ఉండే అంతర్గత కమిటీ. అందులో మరో విమాన సంస్థ ప్రతినిధి, ప్రయాణికుల లేదా వినియోగదారుల తరఫు సభ్యుడు ఉంటారు. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ మనిషి మళ్లీ ఎగరవచ్చు. ఈ గడువు దాటి ఊపిరి పీల్చుకున్నవాళ్లకు కాగితాలు ఆలస్యం చేసినవాళ్లే సాయం చేసినట్టు. ఒక సంస్థ వేసిన నిషేధాన్ని మరో సంస్థ పాటించి తీరాలనేమీ లేదు. రెండోసారి దొరికితే మాత్రం ముందుదానికి రెట్టింపు.

అధికారం ఉండీ వాడకపోవడం కూడా తప్పే. 2022 నవంబరులో న్యూయార్క్-ఢిల్లీ విమానంలో ఒక ప్రయాణికుడు వృద్ధురాలి మీద మూత్రం పోసిన ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. దిగాక అతన్ని ఎవరికీ అప్పగించలేదు. వారాల తర్వాత, 2023 జనవరిలో గానీ ఎఫ్‌ఐఆర్ కాలేదు. డీజీసీఏ ఆ సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా వేసి, 141వ నియమం కింద విధి నెరవేర్చలేదని కెప్టెన్ లైసెన్సును 3 నెలలు నిలిపివేసింది. ఇలాంటి సంఘటనను దిగిన 12 గంటల్లోగా డీజీసీఏకు తెలపాలి కూడా. ఆవిడ పడ్డ బాధలో సగం ఆ మనిషి చేసింది, మిగతా సగం ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయకపోవడం వల్ల వచ్చింది. కెప్టెన్ అధికారాన్ని భయంగా చూసేవాళ్లు ఈ వైపు నుంచి కూడా చూడాలి.

విదేశీ సంస్థ విమానంలో గల్ఫ్ నుంచి శంషాబాద్ వస్తుంటే చిక్కు ఎక్కువ. టోక్యో ప్రకారం విచారణ అధికారం ముందుగా విమానం నమోదైన దేశానిది. దిగిన దేశంలో పోలీసులు మనిషిని తీసుకున్నా, అరేబియా సముద్రం మీద జరిగినదానికి కేసు పెట్టడం తడబడుతుంది. దిగిన దేశానికి కూడా ఆ అధికారం ఇచ్చే 2014 మాంట్రియల్ ప్రోటోకాల్ 2020 జనవరి 1 నుంచి, దాన్ని అంగీకరించిన దేశాల మధ్య, అమల్లో ఉంది. నిందితుడు భారత పౌరుడైతే ప్రపంచంలో ఎక్కడ చేసినా భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, అయితే విచారణకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. విమానం భారత గగనతలంలోకి వచ్చాక జరిగితే ఈ చిక్కు లేదు. అందుకే సంఘటన సమయం నిమిషాలతో సహా రాసుకోవడం ఎంతో ముఖ్యం.

మీ మూడో ప్రశ్నకు మళ్లీ వద్దాం. దేశీయ విమానంలో మీరు లేచి సాయం చేస్తే మీకు ఆధారాలు రెండు. న్యాయ సంహితలోని ఆత్మరక్షణ హక్కు ఇతరుల శరీరాన్ని కాపాడటానికీ వర్తిస్తుంది. కళ్లముందు బెయిలు లేని, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగల నేరం జరిగితే ఏ పౌరుడైనా ఆ మనిషిని పట్టుకుని, ఆలస్యం లేకుండా, 6 గంటల్లోగా పోలీసులకు అప్పగించవచ్చని నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండూ మనిషి అదుపులోకి వచ్చే వరకే. కట్టేశాక నలుగురూ చేరి చెంపలు వాయిస్తే ఆ దెబ్బలకు మీమీదే కేసు, దానికి ఏ రక్షణా లేదు. సిబ్బంది పిలిస్తేనే లేవండి, చెప్పిన చోట చెప్పినట్టు పట్టుకోండి, అయిపోయాక సీటుకి వెళ్లి బెల్టు పెట్టుకోండి.

దేశీయ విమానాల్లో మద్యం ఇవ్వరు కాబట్టి మీరు చెప్పిన ఆయన ఎక్కేటప్పటికే తాగి ఉండాలి, లేదా వెంట తెచ్చుకుని ఉండాలి. తలుపు మూయకముందు అతన్ని ఆపడం చాలా తేలిక. బోర్డింగ్ గేటు దగ్గర గ్రౌండ్ సిబ్బంది చూసి ఆఫ్‌లోడ్ చేస్తే ఒక సీటు ఖాళీగా పోతుంది, సామాను దించడానికి కాసేపు ఆలస్యమవుతుంది. క్యూలో మీ ముందు ఎవరైనా తూలుతూ ఉంటే గేటు దగ్గరే చెప్పండి.

అటువైపు నుంచి, మీమీదే నిషేధం పడిందనుకోండి. కమిటీ ఉత్తర్వు అందిన 60 రోజుల్లో పౌర విమానయాన శాఖ ఏర్పాటు చేసిన అప్పిలేట్ కమిటీకి వెళ్లవచ్చు. దాని అధ్యక్షులు విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి. అక్కడా కాకపోతే హైకోర్టు. కెప్టెన్ ఫిర్యాదు ప్రతి, మీకు ఇచ్చిన హెచ్చరికల వివరం, సాక్షుల వాంగ్మూలాలు రాతపూర్వకంగా అడగండి. హెచ్చరిక ఇవ్వకుండానే కట్టేశారని, లేదా కెప్టెన్‌కు తెలియకుండానే సంస్థ నిషేధం వేసిందని తేలితే మీ వాదనకు అదే బలం.